సైకిల్ మీద బన్నీ హాప్ నేర్చుకోవడం ఎలా

బన్నీ హాప్ అంటే సైకిల్ దిగకుండా, వెళ్తూనే రెండు చక్రాల్నీ గాల్లోకి లేపి అడ్డుని దాటడం. గంటకు 10 కి.మీ. వేగంతో వెళ్తున్న సైకిల్ సెకనుకు 2.8 మీటర్లు కదులుతుంది. గేర్ల ఎంటీబీ (మౌంటెన్ బైక్) సైకిల్‌కి రెండు ఇరుసుల మధ్య దూరం అటూఇటుగా 1.1 మీటరు. దారికి అడ్డంగా ఒక ఇటుక ఉందనుకోండి. ముందు చక్రం దాని మీదికి వచ్చాక, వెనక చక్రం రావడానికి 0.4 సెకను పడుతుంది. ఈ చిన్న తేడా బుర్రకెక్కితే బన్నీ హాప్‌లో సగం వచ్చినట్టే.

రెండు చక్రాల్నీ ఒక్కసారే గాల్లోకి లేపి దాటుదామని చూస్తే ఏమవుతుందో లెక్క వేసి చూడండి. ఇటుక ఎత్తు 10 సెం.మీ. ముందు చక్రం దాన్ని దాటే క్షణం నుంచి వెనక చక్రం దాటే క్షణం దాకా, ఆ 0.4 సెకనూ సైకిల్ మొత్తం 10 సెం.మీ. పైనే ఉండాలి. దానికి దాదాపు 30 సెం.మీ. ఎగరాలి. అదే ముందు చక్రాన్ని దాని వంతు వచ్చినప్పుడు, వెనక చక్రాన్ని దాని వంతు వచ్చినప్పుడు లేపితే ఒక్కొక్కటి 12, 13 సెం.మీ. లేచినా చాలు. కుందేలు ముందు కాళ్లు లేపి, ఆ వెంటనే వెనక కాళ్లు లాక్కుని గెంతినట్టు.

రెండూ ఒకేసారి లేపే పద్ధతి లేకపోలేదు. బూటుని పెడల్‌కి బిగించే క్లిప్ పెడల్స్ వాడేవాళ్లు కాళ్లతో సైకిల్‌ని పైకి లాగేస్తారు. చిన్న గతుకులకి అది సరిపోతుంది. కానీ నేర్చుకోవడం దాంతో మొదలుపెడితే లాగడమే అలవాటైపోయి, ఎత్తు అక్కడే ఆగిపోతుంది. బురద, గడ్డి దారుల్లో జరిగే సైక్లోక్రాస్ సైకిల్ పోటీల్లో దారికి అడ్డంగా పెట్టే చెక్కలు 40 సెం.మీ. దాకా ఉంటాయి. చాలామంది దిగి, సైకిల్ ఎత్తుకుని వాటి మీదుగా పరుగెడతారు. బెల్జియం ఆటగాడు స్వెన్ నీస్ లాంటివాళ్లు దిగకుండానే దాటేవారు. వాళ్లవి క్లిప్ పెడల్సే అయినా వరస మాత్రం ఇదే: ముందు చక్రం, ఆ తర్వాత వెనక చక్రం.

సైకిల్, గాలి, బిగింపులు

విన్యాసాలకి వాడే 20 అంగుళాల చక్రాల చిన్న సైకిల్, బీఎంఎక్స్, దీనికి అన్నిటికంటే సులువు. ఎంటీబీ, రేంజర్ తరహా సైకిళ్లతోనూ బాగానే వస్తుంది. కొంచెం బరువు ఎక్కువ కాబట్టి ఒకటి రెండు వారాలు అదనంగా పట్టవచ్చు. క్యారియర్, మడ్‌గార్డులు ఉన్న పాతకాలపు పెద్ద సైకిల్‌తో మాత్రం ప్రయత్నించకండి. వెనక భాగం బాగా బరువు, సీటు ఎత్తు, దిగినప్పుడు మడ్‌గార్డు కమ్మీలు వంగుతాయి. సన్నటి టైర్ల రోడ్ బైక్ కూడా నేర్చుకునేటప్పుడు వద్దు. రిమ్ తట్టుకోదు.

సీటు మామూలుగా తొక్కే ఎత్తు కన్నా కనీసం 10 సెం.మీ. దించండి. నడుము వెనక్కి వెళ్లేటప్పుడు సీటు తగిలితే సగంలోనే ఆగిపోతారు, భయం కూడా పట్టుకుంటుంది. దించేముందు సీటు పోస్టు మీద పాత ఎత్తు దగ్గర టేపు ముక్క అంటించుకుంటే తర్వాత వెతుక్కోనక్కర్లేదు. బాటిల్, బుట్ట, బెల్లు లాంటివన్నీ తీసేయండి. సైడ్ స్టాండ్ ముఖ్యంగా తీసేయాలి. దిగే అదురుకి స్ప్రింగు సాగి స్టాండు కిందికి జారుతుంది, మలుపులో అది నేలకి తగిలితే పడేస్తుంది.

గాలి విషయంలో పంక్చర్ షాపు కంప్రెసర్‌ని నమ్ముకోకండి, అక్కడ సాధారణంగా రాయిలా గట్టిపడేదాకా కొడతారు. మీటరున్న పంపు ఒకటి కొనుక్కోవడం మంచిది. 60 నుంచి 75 కిలోల మనిషికి 2.1 అంగుళాల ఎంటీబీ టైరులో ముందు 30, వెనక 35 పీఎస్ఐ (పంపు మీటరు చూపే గాలి ఒత్తిడి కొలత) దగ్గర మొదలుపెట్టండి. బీఎంఎక్స్ టైరుకి 45 నుంచి 60 మధ్య. టైరు పక్కన అచ్చువేసిన కనిష్ఠ, గరిష్ఠ అంకెలు దాటకూడదు. గాలి మరీ ఎక్కువైతే దిగగానే సైకిల్ బంతిలా మళ్లీ ఎగురుతుంది. తక్కువైతే వెనక చక్రం అడ్డు అంచుకి తగిలినప్పుడు ట్యూబు రిమ్‌కీ అంచుకీ మధ్య నలిగి, పక్కపక్కనే రెండు చిల్లులు పడతాయి. ట్యూబు విప్పినప్పుడు అలా జంటగా కనిపిస్తే అది ముల్లు కాదు, గాలి చాలలేదని అర్థం.

ఇక బిగింపులు. ముందు చక్రాన్ని మోకాళ్ల మధ్య ఇరికించుకుని హ్యాండిల్‌ని గట్టిగా తిప్పి చూడండి. చక్రం తిరక్కుండా హ్యాండిల్ ఒక్కటే కదిలితే, దాన్ని పట్టి ఉంచే స్టెమ్ బోల్టులు బిగించాలి. ముందు బ్రేకు పట్టుకుని సైకిల్‌ని ముందుకీ వెనక్కీ ఊపితే హ్యాండిల్ కింద టక్‌టక్‌మని తగులుతుంటే అక్కడి బేరింగులు వదులైనట్టు. ఇరుసు నట్లు స్పానర్‌తో సరిచూడండి. నట్లకి బదులు లివరుతో చక్రం బిగించే క్విక్ రిలీజ్ ఉంటే, లివరు మూసేటప్పుడు అరచేతిలో అచ్చు పడేంత బిగుతు ఉండాలి. గాల్లో ఉన్నప్పుడు ముందు చక్రం ఊడిందంటే దవడ పగులుతుంది. ఈ తనిఖీకి రెండు నిమిషాలు చాలు, రోజూ చేయండి. ముందు సస్పెన్షన్ ఉంటే, అది కదలకుండా ఆపే లాకౌట్ వేయొద్దు. తక్కువ ఖరీదు ఫోర్కుల్లో లాక్ చేసి దూకితే లోపలి భాగాలు పాడవుతాయి.

ఆఖరుగా, వెనక బ్రేకు ఏ చేతి కింద ఉందో చూసుకోండి. అన్ని సైకిళ్లకీ ఒకలా ఉండదు. ఆ లివరు మీద ఎప్పుడూ ఒక వేలు ఉండాలి.

ఎక్కడ, ఏం వేసుకుని

చదునుగా, పొడిగా, ఇసుకా కంకరా లేని చోటు 30 మీటర్లుంటే చాలు. బడి మైదానం, ఉదయం పూట ఖాళీగా ఉండే పార్కింగ్ స్థలం సరిపోతాయి. పడతామన్న భయం ఎక్కువగా ఉంటే మొదటి వారం పొట్టి గడ్డి మీద చేయండి. హెల్మెట్ తప్పనిసరి. గ్లోవ్స్ కూడా, ఎందుకంటే పడితే ముందు నేలకానేవి అరచేతులే. కాలి ముందు ఎముకకి ఫుట్‌బాల్ వాళ్లు కట్టుకునే షిన్ గార్డులు కట్టుకోండి. పాదం జారితే పెడల్ తిరిగి వచ్చి కొట్టేది అక్కడే. బూట్లకి అడుగు చదునుగా, రబ్బరుది ఉండాలి. చెప్పులతో వద్దే వద్దు. పెడల్స్ నున్నటి ప్లాస్టిక్‌వి అయితే పిన్నులున్న వెడల్పాటివి మార్చుకోండి. ఈ నేర్చుకోవడం మొత్తంలో డబ్బు పెట్టదగ్గ మొదటి వస్తువు అదే.

నిలబడే తీరు

పెడల్ తొక్కడం ఆపి, రెండు పెడల్సూ నేలకి సమాంతరంగా ఉంచి సీటు మీంచి లేచి నిలబడండి. ఏ కాలు ముందుంటే హాయిగా ఉందో అదే ఎప్పుడూ ముందుంచండి. మునివేళ్ల వెనకుండే పాదపు ఉబ్బు పెడల్ ఇరుసు మీదికి రావాలి. మోకాళ్లు, మోచేతులు కొద్దిగా వంగి వదులుగా ఉండాలి. చూపు చక్రం మీద కాదు, ఐదారు మీటర్ల ముందుకి. ఇలా పరుగుపందెం వేగంలో కాకుండా, మెల్లగా పరిగెత్తే మనిషి వేగంలో, అంటే గంటకు 8 నుంచి 12 కి.మీ. మధ్య, తిన్నగా పోవడం వచ్చాకే తర్వాతి మెట్టు. వేగం మరీ తక్కువైతే సైకిల్ ఊగుతుంది. ఎక్కువైతే కాలం చాలదు.

ముందు చక్రం

బన్నీ హాప్ రాని వాళ్లలో ఎక్కువమంది ఆగిపోయేది ఇక్కడే. మోచేతులు మడిచి హ్యాండిల్‌ని గుంజుతారు. అలా గుంజితే చక్రం జానెడు లేచి వెంటనే పడుతుంది. ఒంటి బరువు కూడా ముందుకే వచ్చేస్తుంది కాబట్టి వెనక చక్రం లేపడానికి ఇక ఏమీ మిగలదు. ముందు చక్రాన్ని లేపాల్సింది నడుము బరువు. చేతులు తాడు లాంటివి, అంతే. తాడు లాగే పందెంలో చేతులు చాచి, నడుము వెనక్కి వేసి ఎలా లాగుతారో అలాగే.

ముందు కిందికి దిగాలి. గుంజీ తీసినట్టు మోకాళ్లు వంచి, మోచేతులు మడిచి, ఛాతీని హ్యాండిల్ వైపు దించండి. టైర్లు రెండూ నొక్కుకోవడం కాళ్లకి తెలియాలి. అక్కడ ఆగకూడదు. అదే ఊపులో, నడుముని పైకి లేపకుండా తిన్నగా వెనక్కి, వెనక ఇరుసు మీదికి తోసుకుపోండి. బడిలో గోడకుర్చీ వేయిస్తే నడుము ఎక్కడుండేదో గుర్తుందిగా, సీటు వెనక సరిగ్గా ఆ తీరుగా. మడమలు కిందికి దిగుతాయి, చేతులు పూర్తిగా చాచుకుంటాయి. చేతులు బిగిసిన ఆ క్షణంలోనే ముందు చక్రం దానంతట అదే లేస్తుంది. నడుము దారి తిన్నగా కిందికి, అక్కడినుంచి తిన్నగా వెనక్కి. ఏటవాలుగా వెనక్కి పోతే టైరు నొక్కుకోదు, లేపే బలం రాదు.

ఎక్కువ వెనక్కి పోతే వెల్లకిలా పడతామన్న భయం అందరికీ ఉంటుంది. అందుకని లేపడం కన్నా ముందు దించడం నేర్చుకోండి. చక్రం కాస్త లేవగానే వెనక బ్రేకు ఒక్క క్షణం తాకి వదలండి. చక్రం ఠక్కున కిందికి వస్తుంది. ఇది పదిసార్లు చేశాక శరీరానికి నమ్మకం వస్తుంది, అప్పుడే నడుము వెనక్కి వెళ్లడానికి ఒప్పుకుంటుంది. బ్రేకు మరిచిపోయినా కాళ్లు పెడల్స్ వదిలి వెనక నేల మీద నిలబడగలవు. క్లిప్ పెడల్స్ వద్దన్నది ఇందుకు కూడా.

రోజుకి ఇరవై ముప్పై సార్లు. గుంజకుండా, చేతులు చాచి, నేలకి 30 సెం.మీ. దాకా ముందు చక్రం లేచేదాకా దీన్ని వదలొద్దు. చాలామంది రెండు రోజులకే విసుగొచ్చి తర్వాతిదానికి వెళ్లిపోతారు, మళ్లీ నెల తర్వాత ఇక్కడికే వస్తారు.

వెనక చక్రం

దీన్ని విడిగా నేర్చుకోవాలి. పెడల్‌కి కట్టి లేని పాదం పెడల్‌ని ఎలా లేపుతుందన్నది కొత్తవాళ్లకి పెద్ద సందేహం. పైకి లాగితే లేవదు, పాదం ఒక్కటే పైకొస్తుంది. వర్షంలో నడిచి వచ్చి చెప్పుకి అంటిన బురదని మెట్టు అంచుకి రాస్తామే, వేళ్లు కిందికి వంచి పాదాన్ని వెనక్కీ పైకీ ఈడుస్తాం, అదే కదలిక. వేళ్లు నేల వైపు తిరిగినప్పుడు పాదం పెడల్‌ని వెనక నుంచి పట్టుకున్నట్టవుతుంది. అలా వెనక్కి నెడుతూ, చేతులతో హ్యాండిల్‌ని ముందుకి నెడితే రెంటి మధ్యా సైకిల్ బిగుసుకుంటుంది. ఇప్పుడు మోకాళ్లు మడిస్తే వెనక చక్రం వెంట వస్తుంది.

మెల్లగా వెళ్తూ కొంచెం గుంజీ తీసి, లేస్తూ వేళ్లు వంచి, పాదాలు వెనక్కి ఈడ్చి, మడమలు పిరుదుల వైపు మడవండి. మొదట్లో రెండు అంగుళాలు లేచినా సంతోషమే. 15 సెం.మీ. దాకా తేవాలి. ముందు బ్రేకు పట్టి వెనక చక్రం లేపడం సులువుగా కనిపిస్తుంది, కానీ ఆ అలవాటు హాప్‌లోకి వస్తే ముఖం మీద పడతారు. ఈ అభ్యాసంలో ముందు బ్రేకు మీంచి వేలు తీసేయండి.

రెండూ కలపడం

మనసులో నాలుగు మాటలు అనుకోండి: దిగు, వెనక్కి, నిలబడు, తొయ్యి.

మొదటి రెండూ ముందు చక్రం దగ్గర నేర్చుకున్నవే. మూడోది కొత్తది, ఎత్తంతా దీనిలోనే ఉంది. ముందు చక్రం లేస్తుండగానే, అది పడిపోయేదాకా ఆగకుండా, కాళ్లు చాచి నిటారుగా పైకి లేవండి. వెనక్కి పోయిన నడుము ఇప్పుడు ముందుకీ పైకీ వచ్చి హ్యాండిల్‌కి దాదాపు తగిలేదాకా రావాలి. ఆ క్షణాన్ని పక్కనుంచి చూస్తే సైకిల్ వెనక చక్రం మీద ఏటవాలుగా నిలబడి ఉంటుంది, మనిషి పెడల్స్ మీద నిటారుగా, చేతులు చాచి, హ్యాండిల్ తొడల పైభాగం దగ్గర. వెనక టైరు మీంచి నిలబడి దూకినట్టే అది. శరీరం పైకి పోతోంది కాబట్టి పెడల్స్ మీద బరువు ఉండదు. ఆ తేలిక సెకనులో చిన్న ముక్క మాత్రమే ఉంటుంది.

ఆ ముక్కలోనే నాలుగోది. హ్యాండిల్‌ని ముందుకి తొయ్యండి. మోటార్‌సైకిల్ యాక్సిలరేటర్ తగ్గించేటప్పుడు మణికట్టు ముందుకి తిరుగుతుందే, అలా తిప్పుతూ. అదే సమయంలో పాదాలు బురద రాసే కదలిక, మోకాళ్లు ఛాతీ వైపు. ముందు చక్రం కొద్దిగా కిందికి వంగుతుంది, వెనకది దాని ఎత్తుకి వచ్చేస్తుంది. సైకిల్ గాల్లో సమాంతరమవుతుంది.

మొదటి రోజుల్లో ఈ నాలుగూ విడివిడిగా, మధ్యలో ఖాళీలతో వస్తాయి. అది సహజం. ఎత్తు గురించి ఆలోచించకుండా వరస మాత్రం చూసుకోండి. ఊపు నిలిచిపోయే చోటు సాధారణంగా "వెనక్కి", "నిలబడు" మధ్యనే. వెనక్కి వాలి అక్కడే ఉండిపోతారు. కొద్దిపాటి ఎగువ వాలు మీద చేస్తే ఈ అతుకు తొందరగా కుదురుతుంది. సైకిల్ నెమ్మదిస్తుంది, ముందు చక్రం సులువుగా లేస్తుంది, ఆలోచించుకోవడానికి కాస్త సమయం దొరుకుతుంది.

దిగేటప్పుడు రెండు చక్రాలూ కలిసి, లేదా వెనకది ఒక్క పిసరు ముందు తాకాలి. మోకాళ్లూ మోచేతులూ వంచి అదురుని మింగేయండి. ముందు చక్రం తిన్నగా ఉండాలి, బ్రేకులు పట్టకూడదు. ముందు చక్రం ఒక్కటే ముందు దిగుతోందంటే "తొయ్యి" మరీ గట్టిగానో, మరీ తొందరగానో జరుగుతోంది.

అడ్డు పెట్టుకుని

మొదట సుద్దముక్కతో గీత. రెండు చక్రాలూ గీత తాకకుండా పదికి ఎనిమిదిసార్లు దాటాక నీళ్ల పైపు ముక్క, ఆ తర్వాత పడుకోబెట్టిన ఖాళీ అట్టపెట్టె. అట్టపెట్టెతో మేలేమిటంటే, తగిలితే అది నలుగుతుంది, మీరు పడరు. ఇటుక, రాయి, చెక్కదుంగ ఇప్పుడే పెట్టకండి. 20 సెం.మీ. అట్టపెట్టె వరసగా దాటగలిగాక గట్టి వస్తువు గురించి ఆలోచించవచ్చు.

దూరం సంగతి. గంటకు 10 కి.మీ. వేగంలో అడ్డు రెండు మీటర్లలో ఉండగా మోకాళ్లు వంచి కిందికి దిగడం మొదలుపెట్టండి. ముందు చక్రం ఒక చక్రపు వ్యాసమంత దూరంలో, దాదాపు 70 సెం.మీ. ముందు, నేల వదలాలి. 15 కి.మీ. వేగంలో ఈ దూరాలు ఒకటిన్నర రెట్లవుతాయి. రెండు చక్రాల మధ్య వ్యవధి మాత్రం 0.26 సెకనుకి తగ్గిపోతుంది. వేగం పెంచితే హాప్ సులువవుతుందని అనుకుంటారు. దూరం పెరుగుతుంది, చేతిలో ఉన్న కాలం తగ్గుతుంది. వరస గట్టిపడేదాకా మెల్లగానే చేయండి.

అడ్డుకి ముందు చక్రం తగులుతోందా, వెనకదా అన్నది గుర్తుపెట్టుకోండి. ముందుది తగిలితే ఆలస్యంగా మొదలుపెట్టారు. వెనకది తగిలితే, నూటికి తొంభైసార్లు, పూర్తిగా నిలబడకుండానే హ్యాండిల్ తోసేశారు. ఇంకా గట్టిగా గుంజితే సరిపోతుందని అప్పుడు అనిపిస్తుంది, కానీ గుంజితే నడుము ఇంకా తక్కువ లేస్తుంది.

వీడియోలో ఏం చూడాలి

ఫోన్‌ని పక్కగా, ఇరుసు ఎత్తులో, స్లో మోషన్‌లో పెట్టండి. రెండు చోట్ల ఆపి చూస్తే చాలు. ముందు చక్రం నేల వదిలే క్షణంలో చేతులు చాచి ఉన్నాయా? మడిచి ఉంటే మళ్లీ ముందు చక్రం అభ్యాసానికి వెళ్లండి. ముందు చక్రం అన్నిటికన్నా ఎత్తున ఉన్నప్పుడు మోకాళ్లు చాచుకున్నాయా, నడుము హ్యాండిల్ దగ్గరికి వచ్చిందా? రాకపోతే లోపం అక్కడే. రెండు చక్రాలూ ఒకే క్షణంలో నేల వదులుతుంటే పెడల్స్ మీద గెంతుతున్నారు, హాప్ ఇంకా మొదలవలేదు. సైకిల్ గాల్లో పక్కకి ఒరిగితే ఒక చేయి రెండోదాని కన్నా ఎక్కువ లాగుతోంది. పాదం జారుతుంటే వేళ్లు కిందికి వంగడం లేదు, లేదా పెడల్ నున్నగా ఉంది.

వారానికి మూడు నాలుగు రోజులు, రోజుకి ఇరవై నిమిషాలు. నడుము కింది భాగం లాగుతున్నట్టు అనిపించగానే ఆపేయండి. అలసిన శరీరం మళ్లీ చేతులతో గుంజడానికే పోతుంది, ఆ చెడ్డ అలవాటే గట్టిపడుతుంది. ఆపాక వెనక చక్రాన్ని ఎత్తి తిప్పి చూడండి. బ్రేకు రబ్బరుకి ఒకవైపు రాసుకుంటుంటే బెండు వచ్చింది. ఊచల్ని రెండేసి చొప్పున వేళ్లతో నొక్కి, వదులైనవి ఉంటే షాపులో బిగించి బెండు తీయించాలి. వదులుగా ఉన్న చక్రంతో దూకితే ఊచలు తెగుతాయి.

రోడ్డు మీద

హాప్ నిజంగా పనికొచ్చేది పైపులైను కోసం తవ్వి పూడ్చిన అడ్డగీతలు, సన్నటి గుంతలు, నేలకి కొట్టిన ఇరుకు రబ్బరు స్పీడ్ బ్రేకర్ల దగ్గర. పెద్ద స్పీడ్ బ్రేకర్ వేరు. రోడ్ల కొలతలు నిర్ణయించే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 1988లో ఇచ్చిన కొలత ప్రకారం దాని ఎత్తు 10 సెం.మీ., బండి పోయే దిక్కున పొడవు 3.7 మీటర్లు. గంటకు 20 కి.మీ. వేగంలో 20 సెం.మీ. ఎగిరినా గాల్లో పోయేది రెండు మీటర్ల పైచిలుకే, దాని మీదే దిగుతారు. దాన్ని ఎగరకుండా, ఎక్కేటప్పుడు మోకాళ్లు వంచి, దిగేటప్పుడు చాచి మింగేయండి.

వెనక బండి ఉంటే హాప్ వద్దు. దిగేటప్పుడు సైకిల్ ఒక అడుగు పక్కకి పోయినా వాళ్లకి తప్పించే చోటు ఉండదు. నీళ్లు నిండిన గుంత కూడా వద్దు, అవతలి అంచు ఎక్కడుందో కనపడదు. తడి రోడ్డు మీద తెల్లటి జీబ్రా గీతల మీదా, మ్యాన్‌హోల్ ఇనప మూతల మీదా లేవడం గానీ దిగడం గానీ చేయకండి. ఫుట్‌పాత్ గట్టు ఎక్కాలంటే మొదట్లో ముందు చక్రాన్ని లేపి పైన పెట్టి, వెనకదాన్ని బురద రాసే కదలికతో పైకి తెచ్చుకోండి. రెంటికీ మధ్య ఆగడానికి సమయం దొరుకుతుంది, రిమ్ కూడా దక్కుతుంది.